అమెరికా యూనివర్సిటీ ఐటీ సేవలు: గదిలోంచే ల్యాబ్ కంప్యూటర్, సాఫ్ట్‌వేర్, ప్రింటర్ వాడుకోవడం ఎలా?

మొదటి సెమిస్టర్ ఫీజు బిల్లులో ట్యూషన్ అంకె చూసి గుండె పట్టుకోవడం మామూలే. ఆ అంకె కింద ఉండే చిన్న లైన్లు కూడా ఓసారి చదవండి. చాలా అమెరికన్ యూనివర్సిటీల బిల్లులో ‘టెక్నాలజీ ఫీ’ అనో, అలాంటి ఇంకో పేరుతోనో ఒక లైన్ ఉంటుంది. విడిగా లేకపోతే ట్యూషన్‌లోనే కలిపేసి ఉంటారు. ఎలా ఉన్నా అది మీరు కట్టిన డబ్బే, చాలామందికి బ్యాంకు లోన్ డబ్బు. దానికి బదులుగా ల్యాబ్‌లో ఉండే ఖరీదైన కంప్యూటర్లు, లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేర్, ప్రింటింగ్ సదుపాయం మీ గదికే వస్తాయి. అయినా ఏటా ఆగస్టులో దిగే మనవాళ్లలో చాలామంది ముందు పెద్ద ల్యాప్‌టాప్ కొంటారు, తర్వాత సాఫ్ట్‌వేర్‌కి క్రాక్ (డబ్బు కట్టకుండా నడిపించే దొంగ కాపీ) వెతుకుతారు, చివరికి నాలుగు పేజీల ప్రింట్ కోసం బయట షాపుకి క్యాబ్‌లో వెళ్తారు.

ఇది ఎమ్మెస్‌కి వచ్చినవాళ్ల కోసం, రాబోతున్నవాళ్ల కోసం. యూనివర్సిటీని బట్టి పేర్లు, రేట్లు, టైమింగ్స్ మారతాయి. పద్ధతి మాత్రం దాదాపు ఒకటే. చదువుతున్నంతసేపూ ఒక్క ప్రశ్న బుర్రలో పెట్టుకోండి: ‘ఈ పని ఇప్పుడు ఏ కంప్యూటర్ మీద జరుగుతోంది, నా ల్యాప్‌టాప్ మీదా, క్యాంపస్‌లో ఉన్నదాని మీదా?’ ఫైల్ కనబడకపోవడం, ప్రింట్ ఎక్కడికో వెళ్లిపోవడం, రాత్రంతా నడవాల్సిన ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోవడం, ఇవన్నీ ఎక్కువగా ఈ ఒక్క విషయం దగ్గర తికమక పడటం వల్లే వస్తాయి.

ఇండియాలో ఉండగానే చేసుకోవలసినవి

అడ్మిషన్ ఖాయమయ్యాక యూనివర్సిటీ మీకు ఒక యూజర్‌నేమ్ ఇస్తుంది. మెయిల్, లైబ్రరీ, ప్రింటర్, సూపర్ కంప్యూటర్ అన్నిటికీ అదే తాళం. విమానం ఎక్కేదాకా ఆగకుండా ఇంట్లో ఉండగానే యాక్టివేట్ చేసుకోండి.

పేరు దగ్గర మనవాళ్లకి ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు కాలమ్ ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే చోట ఉంటే, వీసా మీద మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని వస్తుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. అదే యూనివర్సిటీ రికార్డుల్లోకి పోయి, మీ మెయిల్ చూసిన ప్రొఫెసర్ మిమ్మల్ని ‘డియర్ ఎఫ్‌ఎన్‌యూ’ అని పిలుస్తారు. స్టూడెంట్ పోర్టల్‌లో ‘ప్రిఫర్డ్ నేమ్’ అనే చోట మీరు పిలిపించుకునే పేరు ఇవ్వండి. చాలా చోట్ల మెయిల్‌లో, క్లాస్ లిస్టులో అదే కనబడుతుంది. ఇమ్మిగ్రేషన్ రికార్డులో మాత్రం పాస్‌పోర్ట్ పేరే ఉంటుంది, దాన్ని కదపక్కర్లేదు.

తర్వాత రెండంచెల లాగిన్, అంటే పాస్‌వర్డ్ కొట్టాక అది మీరేనని ఫోన్‌లో ఇంకోసారి ఒప్పుకోవడం. ఎక్కువ చోట్ల డ్యూయో ఉంటుంది, కొన్ని చోట్ల మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్ లేదా ఆక్టా. ఇలా చేయండి:

1. ఫోన్లో యాప్ పెట్టుకుని, యాప్ ద్వారానే రిజిస్టర్ అవ్వండి. ఇండియా నంబర్‌కి వచ్చే ఎస్సెమ్మెస్‌ని నమ్ముకుంటే, అక్కడ కొత్త సిమ్ వేసిన రోజే మీ అకౌంట్ బయట మీరు నిలబడతారు.
2. రెండో పరికరం కూడా కలపండి. పాత ఫోన్ అయినా, ట్యాబ్ అయినా సరే. కొన్ని యూనివర్సిటీలు చిన్న హార్డ్‌వేర్ టోకెన్ ఇస్తాయి.
3. బ్యాకప్ కోడ్లు ఇచ్చే వీలుంటే తీసుకుని కాగితం మీద రాసి పాస్‌పోర్ట్‌తో పాటు పెట్టుకోండి.
4. ఫోన్ మారుస్తుంటే ముందు కొత్త ఫోన్ కలిపి, తర్వాతే పాతది అమ్మండి లేదా ఎక్స్చేంజ్‌లో ఇవ్వండి.

డ్యూయో యాప్‌లో పాస్‌కోడ్ చూపించే వీలు కూడా ఉంది. అది సిగ్నల్, ఇంటర్నెట్ ఏవీ లేకపోయినా పనిచేస్తుంది. మీరు లాగిన్ చేయకుండానే అప్రూవ్ చేయమని నోటిఫికేషన్ వచ్చిందంటే, మీ పాస్‌వర్డ్ ఇప్పటికే ఎవరి చేతిలోనో ఉందన్నమాట. నిద్రమత్తులో ‘అప్రూవ్’ నొక్కకండి. తిరస్కరించి, పాస్‌వర్డ్ మార్చేయండి.

వైఫై సంగతి రెండు మాటల్లో. క్యాంపస్‌లో ‘ఎడ్యురోమ్’ అనే నెట్‌వర్క్ ఉంటే దానికే కనెక్ట్ అవ్వండి. యూజర్‌నేమ్ ఒక్కటే కాకుండా ఎట్ గుర్తు తర్వాత యూనివర్సిటీ చిరునామా కూడా కలిపి ఇవ్వాలి. ఒకసారి సెట్ చేసుకుంటే ఇంకో యూనివర్సిటీకి వెళ్లినా ఫోన్ దానంతటదే కనెక్ట్ అవుతుంది. ఇండియాలో కూడా ఎర్నెట్ (విద్యాసంస్థల నెట్‌వర్క్) ద్వారా కొన్ని విద్యాసంస్థల్లో ఇది నడుస్తోంది.

వీపీఎన్: ఎప్పుడు ఆన్, ఎప్పుడు ఆఫ్

యూట్యూబ్ యాడ్స్‌లో అమ్మే వీపీఎన్ వేరు, యూనివర్సిటీ వీపీఎన్ వేరు. ఇది మీ ల్యాప్‌టాప్‌ని క్యాంపస్ నెట్‌వర్క్ లోపల ఉన్నట్టు చేస్తుంది, అంతే. మెయిల్‌కి, క్యాన్వాస్ లాంటి కోర్సు వెబ్‌సైట్‌కి, జూమ్‌కి అక్కర్లేదు. ల్యాబ్ మెషీన్‌కి రిమోట్‌గా వెళ్లాలన్నా, డిపార్ట్‌మెంట్ షేర్డ్ డ్రైవ్ తెరవాలన్నా, క్యాంపస్ లైసెన్స్ సర్వర్‌ని అడిగే సాఫ్ట్‌వేర్ నడపాలన్నా కావాలి. రీసెర్చ్ పేపర్ల కోసం మాత్రం వీపీఎన్ వేసుకుని తిప్పలు పడకండి. లైబ్రరీ సైట్‌లోంచి ఆ డేటాబేస్ లింక్ నొక్కితే లాగిన్ అడిగి లోపలికి పంపిస్తుంది.

ఎక్కువగా కనబడే ప్రోగ్రామ్స్ రెండు: సిస్కో సెక్యూర్ క్లయింట్, గ్లోబల్‌ప్రొటెక్ట్. సీనియర్లు ‘ఎనీకనెక్ట్’ అంటే కంగారుపడకండి, సిస్కో దానికి పాత పేరు అది. ప్రోగ్రామ్‌ని యూనివర్సిటీ ఐటీ పేజీ నుంచే దించుకోండి. సర్వర్ చిరునామా ఇచ్చి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టాక కొన్నిచోట్ల ‘సెకండ్ పాస్‌వర్డ్’ అని ఇంకో గడి కనబడుతుంది. చాలామంది అక్కడ ఆగిపోతారు. డ్యూయో వాడే చోట్ల సాధారణంగా అందులో ఇంగ్లిష్‌లో ‘పుష్’ అని టైప్ చేస్తే ఫోన్‌కి నోటిఫికేషన్ వస్తుంది. లేదా యాప్‌లో కనబడే పాస్‌కోడ్ కొట్టవచ్చు.

వీపీఎన్‌లో రెండు రకాలు. స్ప్లిట్ టనెల్ అయితే క్యాంపస్‌కి పోవలసిన ట్రాఫిక్ మాత్రమే అటు పోతుంది. ఫుల్ టనెల్ అయితే మీ ల్యాప్‌టాప్‌లో జరిగేదంతా క్యాంపస్ మీదుగా పోతుంది. ఇక్కడ మొహమాటం లేకుండా ఒక మాట చెప్పుకోవాలి. శుక్రవారం రిలీజైన సినిమా శనివారం టొరెంట్‌లో దొరికిందని ఫుల్ టనెల్ వీపీఎన్‌లోనో, క్యాంపస్ వైఫైలోనో దించితే, కాపీరైట్ ఉన్నవాళ్ల నోటీసు యూనివర్సిటీకి వస్తుంది. ఆ టైమ్‌లో ఆ ఐపీ అడ్రస్ (నెట్‌లో కంప్యూటర్‌ని గుర్తించే నంబర్) ఎవరి లాగిన్‌లో ఉందో యూనివర్సిటీకి లాగ్‌లో దొరుకుతుంది. 2008లో వచ్చిన ఉన్నత విద్యా అవకాశాల చట్టం ప్రకారం ఇలాంటి షేరింగ్‌ని అడ్డుకునే ఏర్పాట్లు యూనివర్సిటీలకి తప్పనిసరి, కాబట్టి చూసీ చూడనట్టు వదలరు. మొదటిసారి హెచ్చరిక, మళ్లీ జరిగితే నెట్ కట్, ఆ పైన స్టూడెంట్ కండక్ట్ ఆఫీసు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్న మనిషికి ఆ ఆఫీసు మెట్లు ఎక్కే పని ఎందుకు? పని అయిపోగానే వీపీఎన్ ఆఫ్ చేయడం అలవాటు చేసుకోండి.

మొదటి దారి: వర్చువల్ డెస్క్‌టాప్

క్యాంపస్ కంప్యూటర్‌ని రిమోట్‌గా వాడటానికి మూడు దారులున్నాయి. ఎక్కువమందికి పనికొచ్చేది ఇదే, ఎక్కువమందికి తెలియనిదీ ఇదే. సిట్రిక్స్, హొరైజన్, అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్, అపోర్టో లాంటి వాటిలో మీ యూనివర్సిటీ ఏదో ఒకటి వాడుతూ ఉండొచ్చు. బ్రౌజర్‌లో లాగిన్ అయితే, కోర్సుకి కావలసిన సాఫ్ట్‌వేర్ అంతా వేసి ఉన్న ఒక విండోస్ కంప్యూటర్ కనబడుతుంది.

ల్యాప్‌టాప్ కొనకముందే దీని గురించి తెలుసుకోవాలి. ఆర్క్‌జీఐఎస్ ప్రో, సాలిడ్‌వర్క్స్, పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోస్ మీదే నడుస్తాయి. మ్యాక్ కొనుక్కుని బిజినెస్ అనలిటిక్స్‌లో చేరినవాళ్లకి మొదటి వారంలోనే ఈ టెన్షన్ మొదలవుతుంది. వర్చువల్ డెస్క్‌టాప్ ఉంటే ఇంకో ల్యాప్‌టాప్ కొనక్కర్లేదు. మామూలు ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లకి కూడా బరువైన పని అక్కడ చేసుకునే వీలుంటుంది.

1. ఐటీ పేజీలో ‘వర్చువల్ ల్యాబ్’, ‘వర్చువల్ డెస్క్‌టాప్’, ‘రిమోట్ యాప్స్’ అని వెతకండి.
2. మొదటిసారి బ్రౌజర్‌లోనే తెరిచి చూడండి. రోజూ వాడతారనుకుంటే ఆ సంస్థ క్లయింట్ ప్రోగ్రామ్ వేసుకోండి, దానిలో వేగం బాగుంటుంది.
3. మీ డిపార్ట్‌మెంట్ పేరుతో విడిగా డెస్క్‌టాప్ ఉందేమో చూడండి. ఇంజనీరింగ్ వాళ్లకి గ్రాఫిక్స్ కార్డు ఉన్నది విడిగా ఇచ్చే యూనివర్సిటీలున్నాయి.
4. లోపలికి వెళ్లగానే వన్‌డ్రైవ్‌లోనో, యూనివర్సిటీ ఇచ్చిన నెట్‌వర్క్ డ్రైవ్‌లోనో ఫోల్డర్ తెరిచి, మొదటి సేవ్ అక్కడే చేయండి.

నాలుగోది ఎందుకంత ముఖ్యమంటే, ఈ డెస్క్‌టాప్‌లు చాలావరకు ఒక్కపూట అద్దె గది లాంటివి. మీరు సైన్ అవుట్ అవగానే ఊడ్చి, కడిగి ఇంకొకరికి ఇచ్చేస్తారు. డెస్క్‌టాప్ మీదో, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనో పెట్టిన ప్రాజెక్టు దాంతోపాటే పోతుంది, రీసైకిల్ బిన్‌లో కూడా దొరకదు.

విండో మూసేయడం, సైన్ అవుట్ అవడం ఒకటి కాదు. విండో మూస్తే డిస్‌కనెక్ట్ అవుతారంతే, అక్కడ మీ ప్రోగ్రామ్ కొంతసేపు నడుస్తూనే ఉంటుంది. ఆ ‘కొంతసేపు’ ఎంతో ఐటీ వాళ్లు నిర్ణయిస్తారు, ఆ గడువు దాటాక సెషన్ తీసేస్తారు. అందుకే గంటల తరబడి నడిచే సిమ్యులేషన్‌కి ఇది సరైన చోటు కాదు. ఫైనల్స్ వారంలో ఖాళీ సెషన్ దొరక్కపోవచ్చు కూడా, చివరి రాత్రికి పెట్టుకోకండి.

రెండో దారి: ల్యాబ్‌లో ఉన్న అసలు కంప్యూటర్

టీఏ (టీచింగ్ అసిస్టెంట్) గానో ఆర్‌ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) గానో చేరితే ఆఫీసులో మీకొక డెస్క్‌టాప్ ఇవ్వొచ్చు. లేదా డిపార్ట్‌మెంట్ ల్యాబ్ మెషీన్లకి రిమోట్ అనుమతి ఉండొచ్చు. ముందు వీపీఎన్ ఆన్ చేయండి. విండోస్‌లో ‘రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్’ అని వెతికితే వస్తుంది. హోమ్ ఎడిషన్ నుంచి కూడా వేరే మెషీన్‌కి వెళ్లొచ్చు, హోమ్ ఎడిషన్ మెషీన్‌లోకి ఇంకొకరు ఇలా రావడమే కుదరదు. మ్యాక్‌లో ‘విండోస్ యాప్’ దించుకోండి. 2024 దాకా దాని పేరు మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్, పాత గైడ్లలో ఇంకా ఆ పేరే ఉంటుంది. కంప్యూటర్ పూర్తి పేరు ఇచ్చి, యూజర్‌నేమ్ ముందు డొమైన్ పేరు కలపాలో వద్దో ఐటీ పేజీలో చూసుకుని లాగిన్ అవ్వండి.

ఇక్కడ ఒకే ఒక్క హెచ్చరిక: పని అయ్యాక ‘షట్ డౌన్’ నొక్కకండి. మీ మెషీన్ కాదు, అక్కడిది ఆగిపోతుంది. ఆదివారం రాత్రి తాళం వేసిన గదిలో దాని బటన్ నొక్కేవాళ్లు ఎవరూ ఉండరు.

ఈ తతంగమంతా ఎందుకని ఆఫీసు మెషీన్‌లో సొంతంగా ఎనీడెస్క్ లాంటివి వేసేవాళ్లున్నారు. ఎనీడెస్క్ అంటే మనకి బ్యాంకు మోసాల ఫోన్ కాల్స్ గుర్తొస్తాయి, 2019లో రిజర్వ్ బ్యాంక్ కూడా దాని పేరుతోనే హెచ్చరించింది. యూనివర్సిటీ మెషీన్‌లో అనుమతి లేకుండా అలాంటి తలుపు తెరిస్తే సాధారణంగా పాలసీ ఉల్లంఘన కిందికే వస్తుంది.

మూడో దారి: ఎస్‌ఎస్‌హెచ్, క్లస్టర్

ఎస్‌ఎస్‌హెచ్ అంటే మౌస్ లేకుండా, టైప్ చేసిన ఆదేశాలతో దూరంగా ఉన్న సర్వర్‌ని నడపడం. కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్ వాళ్లకి ఇది రోజువారీ పని. విండోస్ 10, 11లో ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్‌ని మైక్రోసాఫ్టే ఇస్తుంది, పుట్టీ లాంటి వేరే ప్రోగ్రామ్ దించుకోవలసిన పనిలేదు. టెర్మినల్ తెరిచి, యూజర్‌నేమ్, సర్వర్ పేరు ఇస్తే చాలు. మొదటిసారి ఒక ఫింగర్‌ప్రింట్ చూపించి ఔనా కాదా అని అడుగుతుంది. ఐటీ పేజీలో ఉన్నదానితో సరిపోతేనే ఔనండి. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనబడవు. కీబోర్డ్ పాడైందనుకోకుండా కొట్టి ఎంటర్ నొక్కండి.

లోపలికెళ్లగానే అలవాటు చేసుకోవలసింది ‘టీమక్స్’ లేదా ‘స్క్రీన్’. మామూలుగా నడిపిన ప్రోగ్రామ్ మీ వైఫై తెగితే ఆగిపోతుంది. టీమక్స్ లోపల నడిపితే అది సర్వర్ మీదే బతికి ఉంటుంది. మీరు అన్నం తిని వచ్చి మళ్లీ కనెక్ట్ అయితే వదిలిన చోటే ఉంటుంది. కోడ్ రాయడానికి వీఎస్ కోడ్‌లో రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే, సర్వర్‌లో ఉన్న ఫైల్స్ మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నట్టే తెరుచుకుంటాయి. ఫైల్స్ అటూ ఇటూ పంపడానికి విండోస్‌లో విన్‌ఎస్‌సీపీ, మ్యాక్‌లో సైబర్‌డక్ సులువు.

జీపీయూ (బరువైన లెక్కలకి వాడే గ్రాఫిక్స్ చిప్) కావాలంటే యూనివర్సిటీ క్లస్టర్ (కలిపి వాడే కంప్యూటర్ల గుంపు) ఉందేమో చూడండి. కొన్నిచోట్ల కోర్సు ద్వారా, ఎక్కువ చోట్ల ప్రొఫెసర్ ద్వారా అకౌంట్ ఇస్తారు. లాగిన్ అవగానే మీరు నిలబడేది లాగిన్ నోడ్ మీద. అది అందరూ నడిచే వసారా, అక్కడ మోడల్ ట్రెయినింగ్ మొదలుపెడితే అడ్మిన్ దాన్ని చంపేసి మీకు మెయిల్ కొడతారు. పనిని ‘స్లర్మ్’ లాంటి షెడ్యూలర్‌కి అప్పగించాలి: ఎన్ని జీపీయూలు, ఎంత మెమరీ, ఎంతసేపు అని ఒక చిన్న స్క్రిప్ట్‌లో రాసి క్యూలో పెట్టాలి.

చాలామంది భయంతో టైమ్ ఎక్కువ అడుగుతారు. మూడు గంటల పనికి రెండు రోజులు అడిగితే మీరు క్యూలో వెనకే ఉండిపోవచ్చు. షెడ్యూలర్ పెద్ద పనుల మధ్య ఉన్న ఖాళీల్లో చిన్నవాటిని దూరుస్తుంది కాబట్టి, ముందు చిన్న డేటాతో నడిపి ఎంతసేపు పడుతుందో చూసుకుని, దానికి కొంచెం కలిపి అడిగినవాళ్లకి త్వరగా వంతు వస్తుంది. గడువు దాటితే పని మధ్యలో ఆపేస్తారు, అందుకే ప్రోగ్రామ్ అప్పుడప్పుడూ చెక్‌పాయింట్ (అప్పటిదాకా అయిన పని) సేవ్ చేసేలా రాయండి. ‘స్క్రాచ్’ అనే ఫోల్డర్‌లో పెట్టినవి కొన్నాళ్లకి వాటంతటవే తుడిచేస్తారు, ఫలితాలు అక్కడ ఉంచేసి సెలవులకి పోవద్దు.

సాఫ్ట్‌వేర్: కొనే ముందు ఎక్కడెక్కడ చూడాలి

మొదట యూనివర్సిటీ సాఫ్ట్‌వేర్ కేటలాగ్. తర్వాత వర్చువల్ డెస్క్‌టాప్. ఆ తర్వాత డిపార్ట్‌మెంట్ ఐటీ, ఎందుకంటే యూనివర్సిటీ మొత్తానికి లేనివి కూడా ఒక్కో డిపార్ట్‌మెంట్ కొని పెట్టుకుంటుంది. చివరగా ఆ కంపెనీ నేరుగా విద్యార్థులకి ఇచ్చేది. ఈ నాలుగూ దాటాకే కార్డు బయటికి తీయండి.

మైక్రోసాఫ్ట్ 365 చాలా చోట్ల ఉచితం. డెస్క్‌టాప్ వెర్షన్ ఇచ్చే లైసెన్స్ అయితే 5 కంప్యూటర్ల దాకా వేసుకోవచ్చు. మ్యాట్‌ల్యాబ్‌కి క్యాంపస్ లైసెన్స్ ఉంటే, యూనివర్సిటీ మెయిల్‌తో మ్యాథ్‌వర్క్స్ అకౌంట్ తెరవగానే అది దానంతటదే కలుస్తుంది. జీమెయిల్‌తో తెరిచి ‘నాకు రావట్లేదు’ అనుకునేవాళ్లు ఎక్కువ. ఆటోడెస్క్ విద్యార్థులకి ఉచితం, ఏడాదికోసారి రెన్యూ చేసుకోవాలి. జెట్‌బ్రెయిన్స్ వాళ్ల ప్రోగ్రామ్స్, గిట్‌హబ్ స్టూడెంట్ ప్యాక్ విద్యార్థి అని రుజువు చూపిస్తే వస్తాయి. శాస్ నేర్చుకునేవాళ్లకి ‘ఆన్‌డిమాండ్ ఫర్ అకడమిక్స్’ బ్రౌజర్‌లోనే దొరుకుతుంది. అడోబీ విషయంలో మాత్రం ముందే ఆశ పెట్టుకోకండి, కొన్ని యూనివర్సిటీలు అందరికీ ఇస్తాయి, కొన్ని ల్యాబ్ మెషీన్లకే పరిమితం చేస్తాయి.

కొన్ని లైసెన్సులు ఒకేసారి ఇంతమందే వాడాలన్న లెక్కతో ఉంటాయి. అలాంటివి మీ ల్యాప్‌టాప్‌లో వేసుకున్నా, తెరిచిన ప్రతిసారీ క్యాంపస్ సర్వర్‌ని అడుగుతాయి. ‘లైసెన్స్ దొరకలేదు’ అని వస్తే మొదట వీపీఎన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఉన్నా రాకపోతే సీట్లు నిండాయని అనుకోవచ్చు. మీరూ పని అయ్యాక ప్రోగ్రామ్ పూర్తిగా మూసేస్తే ఇంకొకరికి సీటు దొరుకుతుంది.

క్రాక్ జోలికి పోవద్దని వేరే చెప్పాలా? ఇండియాలో అలవాటుగా చేసిన పని ఇక్కడ పాస్‌వర్డ్ దొంగలకి తలుపు తెరుస్తుంది. అంతకంటే ఎక్కువమంది గమనించనిది ఇంకోటుంది: విద్యార్థి లైసెన్స్ చదువుకే. సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) మీద ఇంటర్న్‌షిప్‌కి వెళ్లాక అదే మ్యాట్‌ల్యాబ్‌తో కంపెనీ పని చేయకూడదు. కంపెనీ లైసెన్స్ అడగండి, ఇస్తారు.

చదువు అయిపోయాక ఇవన్నీ పోతాయి. మెయిల్ ఉంచే యూనివర్సిటీలు ఉన్నా, స్టోరేజ్ ఉంచేవి తక్కువ. గూగుల్ 2021లో విద్యాసంస్థలకి అపరిమిత స్టోరేజ్ ఆపేస్తున్నట్టు ప్రకటించాక, చాలా యూనివర్సిటీలు పాత విద్యార్థుల వాటా బాగా తగ్గించాయి. ఆఖరి సెమిస్టర్ మధ్యలోనే ఫైల్స్ దించుకోండి. బ్యాంకు, లింక్డిన్, యూఎస్‌సీఐఎస్ (ఇమ్మిగ్రేషన్ విభాగం) అకౌంట్లలో సొంత మెయిల్ ఇవ్వండి. ఓపీటీకి (చదువుకి సంబంధించిన పనిచేసే అనుమతి) ఎస్‌ఈవీపీ పోర్టల్ అకౌంట్ తెరవమనే మెయిల్ మీ రికార్డులో ఉన్న చిరునామాకే వస్తుంది కాబట్టి, అక్కడ ఏ మెయిల్ ఉందో డీఎస్‌ఓని (విదేశీ విద్యార్థుల రికార్డులు చూసే యూనివర్సిటీ అధికారి) అడిగి మార్పించుకోండి.

ప్రింటింగ్

ఇండియా అలవాటుతో ఇక్కడ మొదట దెబ్బతినేది కాగితం సైజు దగ్గర. మనది ఏ4, 210 బై 297 మిల్లీమీటర్లు. అమెరికాది లెటర్, 216 బై 279. కొంచెం వెడల్పు ఎక్కువ, పొడవు తక్కువ. ఇండియా నుంచి తెచ్చిన పీడీఎఫ్ అలాగే కొడితే అడుగు భాగం తెగిపోవచ్చు, లేదా ప్రింటర్ ‘ఏ4 కాగితం పెట్టండి’ అని మొండికేసి ఆగిపోవచ్చు. అప్పుడు వెనక లైన్లో ఉన్నవాళ్లంతా మీవైపే చూస్తారు. ప్రింట్ సెట్టింగ్స్‌లో పేపర్ ‘లెటర్’, స్కేల్ ‘ఫిట్’ అని పెడితే సరిపోతుంది.

ప్రింటింగ్‌కి మీ యూనివర్సిటీలో పేపర్‌కట్, ఫేరోస్, వెపా, ఏది ఉన్నా పద్ధతి ఇలాగే ఉంటుంది:

1. ఫైల్‌ని పీడీఎఫ్ చేసుకోండి.
2. ప్రింటింగ్ వెబ్ పేజీలో అప్‌లోడ్ చేయండి, లేదా ప్రింటర్ డ్రైవర్ వేసుకుని ల్యాప్‌టాప్ నుంచే పంపండి. కొన్నిచోట్ల ఒక మెయిల్ చిరునామాకి అటాచ్ చేసి పంపినా చాలు.
3. రంగులా, నలుపు తెలుపా, రెండు వైపులా అన్నవి పంపే ముందే ఎంచుకోండి.
4. లైబ్రరీలోనో, హాస్టల్ కిందో ఉన్న ప్రింటర్ దగ్గర ఐడీ కార్డు స్వైప్ చేసి, మీ ఫైల్ ఎంచుకుని విడుదల చేయండి.

మీరు స్వైప్ చేసేదాకా కాగితం బయటికి రాదు. డబ్బు కూడా సాధారణంగా అప్పుడే కట్ అవుతుంది. పంపి మర్చిపోతే కొన్ని గంటల తర్వాత క్యూలోంచి తీసేస్తారు. సెమిస్టర్‌కి ఇన్ని పేజీలు ఉచితం అనే కోటా ఉందేమో ముందే చూసుకోండి. నలుపు తెలుపు ఎంచుకోవడం మరిచిపోతే, పేజీలో ఒక్క నీలం లింక్ ఉన్నా దాన్ని రంగు పేజీగా లెక్కగట్టే చోట్లున్నాయి.

రిమోట్‌లో ఉండి ప్రింట్ కొట్టేటప్పుడు మన పాత ప్రశ్న మళ్లీ వేసుకోవాలి. వర్చువల్ డెస్క్‌టాప్‌లో ‘ప్రింట్’ నొక్కితే అది మీ గదిలో ప్రింటర్‌కి రాకపోవచ్చు. ఆ మెషీన్‌కి డీఫాల్ట్‌గా పెట్టిన ల్యాబ్ ప్రింటర్‌కి పోవచ్చు, మీ బ్యాంక్ స్టేట్‌మెంట్ ఎవరో తీసి చూడొచ్చు. పీడీఎఫ్‌గా వన్‌డ్రైవ్‌లో సేవ్ చేసి, మీ ల్యాప్‌టాప్ నుంచి పంపడం మంచిది. పాస్‌పోర్ట్ కాపీ, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) లాంటివి పబ్లిక్ కంప్యూటర్ మీద తెరిస్తే, డౌన్‌లోడ్స్‌లోంచి తీసేసి, లాగ్ అవుట్ అయ్యాకే కుర్చీ లేవండి.

కాన్ఫరెన్స్ పోస్టర్ అయితే పవర్‌పాయింట్‌లో మొదటి గీత గీయకముందే స్లైడ్ సైజు 48 బై 36 అంగుళాలకో, అక్కడ అడిగిన కొలతకో మార్చుకోండి. చివర్లో సాగదీస్తే బొమ్మలు మసకబారతాయి. పెద్ద ప్రింటర్ దగ్గర క్యూ ఉంటుంది, నాలుగైదు రోజుల ముందే ఇవ్వండి.

డిసెంబర్‌లో ఇంటికొచ్చి పనిచేయాలంటే

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అమెరికాలో ఉన్న సర్వర్‌కి సిగ్నల్ వెళ్లి రావడానికి సుమారు పావు సెకను పడుతుంది. ఇంట్లో ఫైబర్ ఎంత వేగంగా ఉన్నా ఆ దూరం తగ్గదు. అందుకే రిమోట్ డెస్క్‌టాప్‌లో మౌస్ బద్ధకంగా కదులుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో అయ్యే పనిని దాంతోనే చేసుకోండి. గ్రాఫిక్స్ తప్పనిసరైతే స్క్రీన్ రిజల్యూషన్ తగ్గించండి.

టైమ్ లెక్క కూడా చూసుకోండి. శీతాకాలంలో న్యూయార్క్ టైమ్ కంటే మనం పదిన్నర గంటలు ముందుంటాం. అక్కడ శుక్రవారం రాత్రి 11:59 డెడ్‌లైన్ అంటే ఇక్కడ శనివారం ఉదయం 10:29. అక్కడివాళ్లు పడుకునే వేళ చూసి ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకి సర్వర్ మెయింటెనెన్స్ పెట్టుకుంటే, మనకది ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నర.

ఊరెళ్లే ముందు డ్యూయో యాప్ పనిచేస్తోందో లేదో చూసుకోండి, అమెరికా సిమ్‌కి వచ్చే ఎస్సెమ్మెస్ ఇక్కడ రాకపోవచ్చు. ఆర్‌ఏలు యూనివర్సిటీ ల్యాప్‌టాప్ తీసుకురావాలన్నా, రీసెర్చ్ డేటా ఇక్కడి నుంచి తెరవాలన్నా ముందు అడగాలి. కొన్నిటికి ఎగుమతి నియంత్రణ చట్టాలు వర్తిస్తాయి. ‘నువ్వు అక్కడే ఉన్నావు కదరా, నా అసైన్‌మెంట్ అప్‌లోడ్ చెయ్’ అని రూమ్‌మేట్‌కి పాస్‌వర్డ్ ఇవ్వడం అన్నిటికంటే చేటు. ఒకే అకౌంట్ ఒకే గంటలో రెండు దేశాల్లో కనబడితే సిస్టమ్ లాక్ చేయొచ్చు, ఆపైన మీరిద్దరూ సంజాయిషీ చెప్పుకోవాలి.

హెల్ప్ డెస్క్‌కి ఎలా రాయాలి

‘వీపీఎన్ పనిచేయట్లేదు, అర్జెంట్’ అని రాస్తే, మొదటి జవాబు ప్రశ్నల జాబితాయే అవుతుంది. ఒక రోజు అలా పోతుంది. మొదటి మెయిల్‌లోనే ఇవి రాయండి: మీ యూజర్‌నేమ్, ఏ కంప్యూటర్ నుంచి ఏ కంప్యూటర్‌కి వెళ్తున్నారు, విండోస్ లేదా మ్యాక్ వెర్షన్, ఏ నెట్‌వర్క్ మీద ఉన్నారు, వీపీఎన్ ఆన్‌లో ఉందా, ఎర్రర్ అక్షరం పొల్లుపోకుండా, స్క్రీన్‌షాట్, సమస్య వచ్చిన టైమ్ ఏ టైమ్ జోన్‌లో. నిన్నటిదాకా పనిచేసి ఇవాళ ఆగిందా, మొదటి నుంచీ రాలేదా అన్నది కూడా రాస్తే వాళ్ల పని సగం తేలికవుతుంది. పాస్‌వర్డ్ మాత్రం రాయకండి, అడిగినవాళ్లు అసలు హెల్ప్ డెస్క్ వాళ్లే కారు. ప్రింటర్ కాగితం మింగేసి డబ్బు కట్ అయితే రీఫండ్‌కి కూడా ఇక్కడే అడగాలి.

అకౌంట్ లాకైతే ఐడీ కార్డు పట్టుకుని నేరుగా కౌంటర్‌కి వెళ్లండి, త్వరగా తేలుతుంది. ఆ కౌంటర్ వెనక కూర్చునేవాళ్లలో చాలామంది విద్యార్థులే. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పనిచేయవచ్చు కాబట్టి, వెళ్లినప్పుడు పనిలో పనిగా ఖాళీలున్నాయేమో కూడా అడిగి రండి.